ఇస్తాంబుల్‌లో ఒక్క రోజు: దిగాలా, వద్దా?

2025 రమజాన్ మాట ఇది. పంతొమ్మిదో రోజా, సహరీకి లేచాం. బేగం పరాఠాలు కాలుస్తోంది. అబ్బా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఫోన్ చూస్తూ, "బేటా, ఇస్తాంబుల్ మే క్యాకీ హోరా, దేఖ్" అన్నారు.

చూశాను. ఆ రోజు మార్చి 19, బుధవారం. ఇస్తాంబుల్ మేయర్ ఎక్రెమ్ ఇమామోగ్లును తెల్లవారుజామునే ఇంట్లోంచి పోలీసులు తీసుకుపోయారు. అంతకు ముందురోజే యూనివర్సిటీ ఆయన డిగ్రీ రద్దు చేసింది. రాబోయే ఎన్నికల్లో అధ్యక్షుడు ఎర్దోగాన్‌కు గట్టి పోటీ ఆయనే అని అందరూ అనుకుంటున్న మనిషి. ఇక జనం ఊరుకుంటారా? గవర్నర్ నాలుగు రోజులు సభలూ ఊరేగింపులూ బంద్ అన్నాడు. తక్సీం వైపు మెట్రో ఆపేశారు. సోషల్ మీడియా నత్తనడక పట్టింది. అయినా రాత్రికల్లా వేలమంది సరాచ్‌హానేలోని మునిసిపాలిటీ భవనం ముందు చేరారు.

మా టికెట్లు ఆదివారం, 23న. డల్లాస్ నుంచి ఇస్తాంబుల్, అక్కడ రెండు రాత్రులు, ఆపైన మదీనా. ఆఖరి అష్రా హరమ్‌లలో గడపాలని ఏడాది ముందే చేసుకున్న నియ్యత్. ఆరుగురం: అబ్బా, అమ్మీ, నేను, బేగం, పదకొండేళ్ళ పెద్దోడు, ఆరేళ్ళ చిన్నది. ఉమ్రా అయ్యాక అబ్బా, అమ్మీ జిద్దా నుంచి నేరుగా హైదరాబాద్ వెళ్ళిపోతారు. మేం నలుగురం వెనక్కి డల్లాస్.

ఇస్తాంబుల్‌లో ఆగడం సైర్ కోసం కాదు, అబ్బా కోసం. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) మజార్ అక్కడుంది. హిజ్రత్ చేసి మదీనా చేరిన హుజూర్ (స) ఒంటె ఎవరి వాకిట్లో ఆగిందో, ఆ ఇంటాయన. నెలల తరబడి ప్రవక్తకు మెజ్బానీ చేసిన మనిషి, ముసలితనంలో అంత దూరం సఫర్ చేసి ఇస్తాంబుల్ గోడల బయట కన్నుమూశారు. "ముందు ఆయనకు సలాం చెప్పి, తర్వాత ఆయన మెహమాన్ దగ్గరికి పోదాం బేటా" అని అబ్బా ఎన్నిసార్లన్నారో. స్కూల్ మాస్టరుగా రిటైరయిన మనిషి. డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. మళ్ళీ ఈ దారిన రావడం అల్లాహ్‌కే తెలుసు.

తిరుగు ప్రయాణంలో దిగుదామంటే అప్పుడు అబ్బా మాతో ఉండరు. కాబట్టి వెళ్తే ఇప్పుడే, లేకపోతే లేదు.

ఆ మూడు రోజులు మా ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఇదే బహస్. హైదరాబాద్ నుంచి సాలీ ఒక వీడియో పంపింది. టియర్‌గ్యాస్, పరుగెత్తే జనం, "బాజీ, పిల్లల్ని తీసుకుని అక్కడికి పోకండి" అని ఏడుపు. బేగం ముఖం పాలిపోయింది. పెద్దోడు ఆ వీడియో రెండుసార్లు చూసి, "అబ్బూ, అందరూ టీషర్ట్‌లు వేసుకున్నారు. చెట్లకు ఆకులు కూడా నిండుగా ఉన్నాయి. ఇప్పుడక్కడ చలి కదా?" అన్నాడు. నిజమే. అది ఎప్పుడో ఎండాకాలం నాటి వీడియో. మోసుకొచ్చిన ఖబర్‌ను తహ్‌కీక్ చేసుకోమని సూరా హుజురాత్ చెప్పిన మాట మనం దర్స్‌లో వింటాం, ఫోన్ చేతికి రాగానే మర్చిపోతాం.

మరోవైపు మా మామూ. అర్తుగ్రుల్ సీరియల్ ఒక్క ఎపిసోడ్ వదలకుండా చూసిన మనిషి. "అరే, అదంతా సాజిష్. అక్కడ ఏమీ లేదు. ఎర్దోగాన్ ఉండగా మీకేం భయం? బేఫికర్‌గా పోండి" అని ఫోన్‌లో ధైర్యం చెప్పాడు. మన దగ్గర చాలామంది ఇలాగే ఆలోచిస్తారు, నాలోనూ ఆ మనిషి ఒకడున్నాడు. ఒక నాయకుడి మీద మొహబ్బత్ ఉంటే ఆ దేశంలో గొడవ జరుగుతున్నా కనబడదు. నఫ్రత్ ఉంటే ఊరంతా తగలబడుతున్నట్టే కనబడుతుంది. కానీ టియర్‌గ్యాస్ ఎవరి అభిప్రాయం ఏమిటో అడగదు. చిన్నదానికి ఆస్తమా ఉంది. తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. నా పిల్లను ఏ వీధిలో, ఏ టైమ్‌కు నిలబెడుతున్నానన్నదే నా పని.

అమ్మీ మాట అమ్మీది: "అల్లాహ్ పిలిస్తే ఎవడు ఆపుతాడు? తవక్కుల్ ఉండాలి." దానికి అబ్బాయే జవాబిచ్చారు: "ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్నారు హుజూర్. కట్టకుండా కాదు."

అబ్బా ఆ మాట అన్నప్పుడు నాకు 1990 డిసెంబర్ గుర్తొచ్చింది. మేం అప్పుడు యాకుత్‌పురాలో కిరాయికి ఉండేవాళ్ళం. పాత బస్తీలో ఫసాద్, కర్ఫ్యూ. బొంబాయిలో ఉన్న మా ఫుప్పో "హైదరాబాద్ మొత్తం జల్‌రా" అని వణికిపోయేది. కానీ మాకు తెలుసు, ఒక గల్లీలో మనిషిని పొడుస్తుంటే, నాలుగు గల్లీల అవతల పిల్లలు గోలీలాడుతుండేవాళ్ళు. అలాగని మా గల్లీ ప్రశాంతంగా ఉంది కాబట్టి పర్వాలేదనీ కాదు. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో అబ్బా పాలకు ఒక్కరే వెళ్ళేవారు. మమ్మల్ని తీసుకెళ్ళేవారు కాదు. ముందు గల్లీ చివర నిలబడి, తిరిగొచ్చే దారి ఖాళీగా ఉందా అని చూసుకునేవారు. దుకాణాల షట్టర్లు పూర్తిగా లేచాయా, సగమే లేచాయా చూసేవారు. సగం షట్టరు అంటే దుకాణదారుకే భరోసా లేదని అర్థం. ఎదురొచ్చిన వాళ్ళను "అంతా ఖైరియత్ హై క్యా" అని అడిగేవారు కాదు. "మీరు ఎటునుంచి వచ్చారు, అటు రోడ్డు తెరిచి ఉందా" అని అడిగేవారు.

ముప్పై అయిదేళ్ళ తర్వాత ఇస్తాంబుల్ విషయంలో నేను చేసింది అదే.

మొదట మ్యాప్ తెరిచాను. గుండె గుభేల్‌మంది. చవగ్గా వస్తుందని నేను బుక్ చేసిన హోటల్ లాలేలీలో ఉంది. ఇస్తాంబుల్ యూనివర్సిటీకి పక్కనే, సరాచ్‌హానేకు నడక దూరం. అంటే గొడవ మా గుమ్మం ముందే. కానీ హజ్రత్ అయ్యూబ్ మజార్, అక్కడివాళ్ళు అయ్యూబ్ సుల్తాన్ అనే మొహల్లా, పాత నగరపు కోట గోడలకు బయట, ఖలీజ్ ఒడ్డున ఉంది. ఎయిర్‌పోర్ట్ కూడా నగరానికి ఉత్తరాన, దూరంగా ఉంది. అక్కడినుంచి అయ్యూబ్‌కు పాత నగరం లోపలికి అడుగు పెట్టకుండా హైవే మీదుగా రావచ్చు. "ఇస్తాంబుల్ సేఫా?" అన్న సవాల్‌కు జవాబు లేదు. లాలేలీ వేరు, అయ్యూబ్ వేరు.

తర్వాత టైమ్. నాతో పనిచేసే ఒక తుర్కీ దోస్త్ వాళ్ళ అక్క ఫాతిహ్‌లోనే ఉంటుంది. హోటల్ వాళ్ళను అడిగితే "నో ప్రాబ్లమ్, వెల్‌కమ్" అనే అంటారు, వాళ్ళ రోజీ రోటీ అది. ఈమెకు మేం రావడం వల్ల లాభమూ లేదు, రాకపోతే నష్టమూ లేదు. ఆమెను "సేఫా?" అని అడగలేదు. "మీ పిల్లలు ఈ వారం స్కూల్‌కు వెళ్తున్నారా? మీరు సాయంత్రం బజారుకు ఏ దారిన వెళ్తున్నారు?" అని అడిగించాను. పగలంతా మామూలే అంది. పిల్లలు స్కూల్‌కు వెళ్తున్నారు. ఇఫ్తార్ అయ్యాక జనం కదులుతారు, అర్ధరాత్రి దాటేదాకా దారులు మూసుకుపోతాయి. శుక్రవారం అయితే గలతా వంతెన, అతాతుర్క్ వంతెన కూడా మూసేశారు. ఇదంతా చెప్పి ఆఖర్న ఆమే ఒకటడిగింది: "మీ నాన్నగారు ఎంత దూరం నడవగలరు?"

మేం మూడు రోజులుగా అడగని మాట అది. అప్పటిదాకా మా భయమంతా రాయి తగులుతుందని, పోలీసు పట్టుకుంటాడని. నిజానికి అలాంటి రోజుల్లో టూరిస్టుకు ఎక్కువగా ఎదురయ్యేది అది కాదు. ట్యాక్సీవాడు సగం దారిలో దించేసి "ఇక నడవండి" అంటాడు. రెండు కిలోమీటర్లు, రాతి ఎత్తుపల్లాలు, చలి, రాత్రి. నేను నడుస్తాను, పెద్దోడు పరుగెత్తుతాడు. అబ్బా? ఆయన ఇన్సులిన్ హోటల్ గదిలో, మేం బారికేడ్‌కు ఇవతల. అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి ఖాందాన్ మొత్తం సఫర్ కొలవాలి. జవాన్లు నలుగురు వెళ్తే పర్వాలేని చోటు మనకు పర్వాలేనిది కాకపోవచ్చు.

ఇవి తేలాక కాగితాలు చూశాను. అమెరికా ప్రభుత్వ ట్రావెల్ అడ్వైజరీలో తుర్కీ రెండో స్థాయిలో ఉంది, అంటే జాగ్రత్త పెంచుకోండి అని. అది దేశం మొత్తానికి చెప్పే మాట, మన వీధి గురించి కాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ చిన్న అక్షరాలు చదివితే, పౌర అల్లర్లకు వర్తించదని ఉంది. మాకు భారత పాస్‌పోర్ట్‌లు, చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంది కాబట్టి తుర్కీ ఈ-వీసా దొరికింది. అది ఒక్కసారి ప్రవేశానికే. విమానం ముందుకు జరుపుదామంటే ఆఖరి అష్రాలో మదీనాకు ఆరు సీట్లు ఎక్కడివి?

శనివారం ఇఫ్తార్ తర్వాత మష్వరా చేసి, ఇస్తిఖారా నమాజ్ చదివి ఫైసలా చేసుకున్నాం. లాలేలీ హోటల్ రద్దు, ఒక రాత్రి డబ్బు పోయింది. రెండు రాత్రులూ ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్‌లో. మంగళవారం పొద్దున్నే అయ్యూబ్ మజార్, జొహర్ అక్కడే చదివి, అసర్ లోపు వెనక్కి. ఆయాసోఫియా లేదు, నీలి మస్జిద్ లేదు. అయ్యూబ్ సుల్తాన్ ఆవరణలో వేలమందితో ఇఫ్తార్ చేయాలన్న అమ్మీ తమన్నా కూడా లేదు. పెద్దోడు అలిగాడు. అమ్మీ ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఇంకో షరతు కూడా పెట్టుకున్నాం. దారిలో ఎవరైనా సరే, చిన్నదైనా సరే, "వెనక్కి పోదాం" అంటే ఇక బహస్ లేదు, వెనక్కే. అబ్బా ఇన్సులిన్, పాస్‌పోర్ట్‌లు, చిన్నదాని ఇన్‌హేలర్ అన్నీ నా భుజాన బ్యాగులోనే. ఫోన్ పనిచేయకపోతే అని హోటల్ చిరునామా తుర్కీ భాషలో కాగితం మీద రాసుకున్నాం. పోలీసులనూ గుంపులనూ ఫోటో తీయొద్దు. డ్రైవర్‌తో సియాసత్ మాట్లాడొద్దు.

ఆదివారం ఎయిర్‌పోర్ట్‌కు బయల్దేరుతుండగా ఇంకో ఖబర్: కోర్టు ఇమామోగ్లును జైలుకు పంపింది. బేగం కారులో వెనక్కి తిరిగి, "అబ్బా, మీరు వద్దంటే ఇప్పుడైనా ఎయిర్‌పోర్ట్ దాటకుండా కూర్చుందాం" అంది. అబ్బా, "మంగళవారం పొద్దున చూద్దాం బేటీ, ఇప్పుడు కాదు" అన్నారు. అదీ నేర్చుకోదగ్గదే. ఆదివారం రాత్రి హాలాత్ చూసి మంగళవారం పొద్దుటి ఫైసలా చేయలేం, ముందే చేయాల్సిన అవసరమూ లేదు.

మంగళవారం పొద్దున ఆ అక్కకు మళ్ళీ మెసేజ్ పెట్టించాం. "రండి, దారి తెరిచే ఉంది" అని వచ్చింది. వెళ్ళాం. పావురాలు, చెట్లు, చలిలో టోపీలు పెట్టుకున్న పిల్లలు. దుకాణాల షట్టర్లు పూర్తిగా లేచి ఉన్నాయి. అబ్బా నాకు చూపించి నవ్వారు. మజార్ జాలీ ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. ఏం అడిగారో నేను అడగలేదు. నాలుగు గంటలు దాటాక మోకాళ్ళు పట్టుకున్నారు, "చలో" అన్నారు. వచ్చేశాం.

ఆ సాయంత్రం హోటల్ గదిలో ఖజూర్‌తో ఇఫ్తార్ చేశాం. టీవీలో సరాచ్‌హానే, జనసముద్రం. మేం పొద్దున చూసిన ఊరూ అదే, ఇదీ అదే. ఆ జనంలోనూ రోజా ఉన్నవాళ్ళున్నారు, ఎదురుగా నిలబడ్డ పోలీసుల్లోనూ ఉన్నారు. చిన్నది "వీళ్ళు ఎందుకు అరుస్తున్నారు దాదా?" అంది. అబ్బా టీవీ కట్టేసి, "వాళ్ళ ఇంటి గొడవ బేటీ. మనం మెహమాన్లం" అన్నారు.

మర్నాడు మదీనాలో ఇరవై ఏడో రాత్రి దొరికింది, అల్‌హందులిల్లాహ్. అక్కడ ఒక హైదరాబాదీ జంట కలిసింది. అదే వారం సుల్తానహ్మెత్‌లో మూడు రాత్రులున్నారట, ఈగ కూడా వాలలేదట. "మీరు ఊరికే భయపడ్డారు భాయ్" అన్నారు. కావచ్చు. ఇద్దరే వెళ్ళారు వాళ్ళు, ముప్పై ఏళ్ళ లోపు, ఒక్కో బ్యాక్‌ప్యాక్. మేం ఆరుగురం, మాతో అబ్బా మోకాళ్ళు.

అమ్మీ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు అడుగుతుంది, అయ్యూబ్ సుల్తాన్‌లో ఇఫ్తార్ ఎలా ఉంటుందని. నాకు తెలియదని చెప్తాను. ఇన్షా అల్లాహ్, మళ్ళీ నసీబ్ అయితే వెళ్దాం అంటాను. మీరూ దుఆ చేయండి.