పెళ్ళికొడుకై నడిచే రాజు

పిల్లలూ! ఖమ్మం నుంచి ఇల్లెందు మీదుగా గుండాల దారిన ఎప్పుడైనా వెళ్ళారా? ఇల్లెందు బొగ్గుకు పేరుపడ్డ ఊరు. అది దాటాక టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్లు మనకు తోడు వస్తాయి. గుండాల 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోది. దాని పొరుగున, మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో, పూనుగొండ్ల అనే పల్లె ఉన్నది. అక్కడ ఒక రాజుగారున్నారు. ఆయన చనిపోయి ఏడువందల ఏళ్ళయిందంటారు. అయినా ఆయనకు తీరిక లేదు!

ఆయన పేరు పగిడిద్దరాజు. కోయవారి కథ ప్రకారం, ఆయన మేడారం ప్రాంతాన్ని ఏలుతూ ఓరుగల్లు ప్రతాపరుద్రుడికి కప్పం కట్టేవాడు. వరసగా కరువు వచ్చింది. తినటానికే గింజలు లేకపోతే కప్పం ఎక్కడినుంచి తెస్తాడు? కట్టలేనన్నాడు. కాకతీయ సైన్యం వచ్చిపడింది. సంపెంగ వాగు దగ్గర జరిగిన యుద్ధంలో రాజూ, కూతురు సారలమ్మా, అల్లుడు గోవిందరాజూ చనిపోయారు. కొడుకు జంపన్న శత్రువుకు చిక్కటం ఇష్టం లేక వాగులో దూకాడు. రాణి సమ్మక్క గాయాలతోనే పోరాడి, చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైంది. ఆమెకోసం వెతికినవారికి కుంకుమభరిణె మాత్రం దొరికింది.

కథ ఇక్కడితో ఆగితే అందరూ ఓడినట్టే గదా? ఆగలేదు. చచ్చిపోయిన తరువాత వీరందరికీ కొత్త పనులు వచ్చాయి. సంపెంగ వాగు జంపన్న వాగయింది. లక్షల మంది అందులో మునిగి గాని తల్లుల గద్దెల దగ్గరికి వెళ్ళరు. సమ్మక్కకు జనం బెల్లం తూచి ఇస్తారు. దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు! తల్లీకూతుళ్ళ పేరిట ములుగులో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం పెట్టటానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. కప్పం కట్టలేక చనిపోయినవారు చదువు చెప్పించే పని కూడా తీసుకున్నారన్నమాట.

ఇటువంటిది జపానులోనూ జరిగింది. సుగవర మిచిజానే అనే పండితుణ్ణి రాజసభవారు దూరదేశానికి వెళ్ళగొట్టారు. ఆయన 903లో అక్కడే చనిపోయాడు. తరువాత పిడుగులు పడితే, ఇది ఆయన కోపమేనని జనం భయపడి గుడి కట్టారు. ఇప్పుడు ఆయన చదువుల దేవుడు. పరీక్షల ముందు జపాను పిల్లలు ఆయనకే మొక్కుకుంటారు. (మీరు నవ్వకండి, మీరు మాత్రం ఎవరికీ మొక్కరా?)

మన పగిడిద్దరాజు పని మరీ ముచ్చటయినది. రెండేళ్ళకొకసారి, మాఘపౌర్ణమికి మేడారం జాతర వస్తుంది. అప్పుడు పూనుగొండ్లలో పెనక వంశం వారు ఆయన్ను పెళ్ళికొడుకుగా ముస్తాబు చేసి, డోళ్ళు మోగిస్తూ, అడవిదారిన కాలినడకనే సమ్మక్క దగ్గరికి తీసుకుపోతారు. మోటారు బళ్ళు ఎన్ని ఉన్నా సరే, ఈ వరుడు నడిచే వెళ్ళాలి. ఓరుగల్లు రాజ్యం 1323లో ఢిల్లీ సైన్యాల చేత పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఇలా ఊరేగించేవారు ఎవరున్నారు?

ఈ కథ చాలాకాలం పుస్తకాల్లో కాదు, డోలి కోయల గొంతులో ఉన్నది. మణుగూరు దగ్గర కూనవరంలో సకిని రామచంద్రయ్యగారు డోలు వాయిస్తూ దీన్ని కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూన్‌లో ఆయన చనిపోయారు. ఆ పాటలు పూర్తిగా వచ్చినవారు ఇప్పుడు బహు కొద్దిమంది.

జాతర నాలుగోనాడు దేవతలు వనప్రవేశం చేస్తారు. రాజుగారు కూడా వచ్చిన అడవిదారినే పూనుగొండ్లకు తిరుగుముఖం పడతారు.