సెలవునాటి పనిముట్లు

ఉద్యోగికి వృత్తితో పాటు ఒక వ్యాసంగం కూడా ఉండడం మంచిదని పెద్దలు చెబుతారు. కొందరు సంగీతాన్ని, కొందరు తోటపనిని, మరికొందరు తపాలా బిళ్ళల సేకరణను ఆశ్రయిస్తారు. నాకు మాత్రం చిన్ననాటి నుండి చక్రాల మీద నడిచే వస్తువులంటే ఎనలేని మక్కువ. వాటిని నడపడం కంటె విప్పడంలోను, విప్పడం కంటె తిరిగి సక్రమంగా బిగించడంలోను నాకు ఎక్కువ ఆనందం కలుగుతుంది. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగినవానికి ఇటువంటి మక్కువ అబ్బడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఈ నగరం పుట్టుకే లోహంతో ముడివడి ఉన్నది. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ సాక్చీ అనే చిన్న గ్రామం వద్ద కర్మాగారాన్ని నిర్మించి, 1912లో ఉక్కును ఉత్పత్తి చేసింది. 1919లో ఈ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టారు. ఆ మహనీయుడు తాను చూడలేకపోయిన ఈ నగరం ఎట్లుండాలో 1902లోనే కుమారుడు దొరాబ్జీకి లేఖ వ్రాస్తూ, వీధులు విశాలంగా ఉండాలని, వాటి వెంట నీడనిచ్చే చెట్లు నాటాలని సూచించాడు. ఆయన మనసులో ఏ వాహనం ఉన్నదో గాని, ఆ నీడ ఫలం ఎక్కువగా అనుభవించినవారు సైకిలు మీద పనికి పోయే కార్మికులే. నా బాల్యంలో షిఫ్టు మారే వేళ కర్మాగారం ద్వారం ముందు నిలబడితే, సైకిలు గంటల మోత తప్ప వేరొక ధ్వని వినబడేది కాదు.

నగరానికి మరొక అంచున టెల్కో ఉన్నది. 1945లో రైలు ఇంజనుల తయారీకై ఏర్పడిన ఆ సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల నిర్మాణం చేపట్టింది. పైకప్పు గాని, తలుపులు గాని లేని ఉత్త ఛాసిస్‌ల మీద, తలకు గుడ్డ చుట్టుకొని, కళ్ళద్దాలు ధరించిన డ్రైవర్లు వరుసగా సాగిపోతుంటే, మేము పిల్లలం నోళ్ళు తెరచి చూసేవాళ్ళం. లారీ ఎముకల గూడు ఎట్లుంటుందో మాకు ఏ పాఠ్యపుస్తకమూ బోధించనక్కరలేకపోయింది.

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఈ ఊరికి ఉపాధి కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలలో మాది ఒకటి. మా నాన్నగారు 1968లో ఇక్కడ కొలువులో చేరి, మరుసటి సంవత్సరమే ఒక నల్లని సేన్-ర్యాలీ సైకిలు కొన్నారు. అది మా పొరుగునే ఉన్న ఆసన్‌సోల్‌లో తయారైనది. ఆ సంస్థ తరువాత ప్రభుత్వ రంగంలోకి వచ్చి సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాగా మారింది. నేడు ఆ కర్మాగారం లేదు, సైకిలు మాత్రం ఉన్నది.

మా కద్మా ఇంటి వెనుక వరండాయే నా కర్మశాల. గోడకు బిగించిన ఒక వైసు, పానాల వరుస, సుత్తి, గాలిపంపు, కిరసనాయిలు డబ్బా, గ్రీజు, పాత బనియను గుడ్డలు, ఇంతే దాని ఆస్తి. ఆదివారం ఉదయం అక్కడ కూర్చున్నానంటే, భోజనానికి మా శ్రీమతి మూడుసార్లు పిలవవలసిందే.

ఆ వరండా పక్కనే నా పాత ప్రీమియర్ పద్మిని కారు ఉంటుంది. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ గల ఆ బండి చాలామందికి చిరపరిచితమే. బానెట్ ఎత్తితే ఏ భాగం ఏ పని చేస్తున్నదో కంటికి కనబడడమే దాని గొప్పతనం. మే నెల ఎండలో నడిబజారులో ఆగిపోయిందంటే, వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి పంపుకు అందడం లేదని అర్థం. తడిగుడ్డ పంపుపై కప్పి పది నిమిషాలు ఆగితే, తిరిగి కదులుతుంది. ఇంజను తడబడుతుంటే కార్బురేటరు మార్చమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. నేను ముందుగా డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్ల మధ్య ఎడం చూస్తాను. అది అర మిల్లీమీటరుకు కాస్త తక్కువగా ఉండాలి. చాలాసార్లు జబ్బు అక్కడే దొరుకుతుంది. భాగాన్ని మార్చే ముందు కారణాన్ని వెదకాలన్న పాఠం నాకు ఈ కారే నేర్పింది.

అయితే, ఈ ముచ్చటకు వెల పెరుగుతున్నది. పదిహేనేళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరిగింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో అది 10,000 అయింది. పాత బండ్ల పొగ దృష్ట్యా ప్రభుత్వం ఉద్దేశం సమంజసమే. ఎప్పుడో ఒకనాడు దానిని వదులుకోవడానికి నా మనసు సిద్ధంగానే ఉన్నది. కారు నా ముచ్చట మాత్రమే. సైకిలు సంగతి అట్లా కాదు, అది నాన్నగారి స్వాతంత్ర్యం.

నాన్నగారికి ఇప్పుడు డెబ్బయ్యెనిమిదేళ్ళు. ప్రతి ఉదయం మూడు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళ్ళి రావడం ఆయన నియమం. గత ఏడాది ఆయన మోకాళ్ళు మొరాయించాయి. చిన్న ఎత్తు వచ్చినా దిగి, సైకిలు నెట్టుకుంటూ నడిచేవారు. ఇంట్లో అందరూ సైకిలు ఎవరికైనా ఇచ్చివేద్దామన్నారు. ఆటో మాట్లాడదామని మా అక్కయ్య అన్నది. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, చివరకు ఒక్కటే మాట అన్నారు: "ఆటోలో ఎల్తే మీరు తీసుకెల్లినట్టుంటాది. సైకిలు మీదెల్తే నేనెల్లినట్టుంటాది."

ఆ మాట విన్న తరువాత నేను వైద్యుని వద్దకు వెళ్ళి, సైకిలు పూర్తిగా మానవలసిందేనా అని అడిగాను. తొక్కడం వల్ల హాని లేదని, బలం పెట్టి తొక్కడమే కూడదని ఆయన వివరించారు. అనగా సమస్య సైకిలులో లేదు, పెడలు మీద పడే బరువులో ఉన్నది. ఆ బరువును లెక్క కట్టవచ్చు.

ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్ళు ఉన్నాయి. 28 అంగుళాల చక్రంతో పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.4 మీటర్లు సాగుతుంది. వెనుక 22 పళ్ళ ఫ్రీవీల్ వేస్తే అదే చుట్టుకు 4.5 మీటర్ల లోపే సాగుతుంది గాని, పెడలు మీద పెట్టవలసిన బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. నిమిషానికి యాభై చుట్లు తొక్కేవారికి మూడు కిలోమీటర్ల దూరానికి అదనంగా పట్టేది రెండున్నర నిమిషాలు. మోకాళ్ళకు దక్కే ఉపశమనం ముందు ఇది ఏపాటి?

సాక్చీ బజారులో వెదకి 22 పళ్ళ ఫ్రీవీల్ తెచ్చాను. పాతదానిని ఊడదీయడమే అసలు కష్టం. ఫ్రీవీల్ మర ఎటువంటిదంటే, తొక్కిన ప్రతి తొక్కూ దానిని మరింత బిగిస్తుంది. నాన్నగారు ఇన్నేళ్ళు డ్యూటీకి పోయి వచ్చిన శ్రమ అంతా ఆ మరలోనే ఇమిడి ఉన్నది. రాత్రంతా కిరసనాయిలు పోసి నానబెట్టి, ఉదయం మా అబ్బాయిని సాయం పిలిచాను. ఫ్రీవీల్ గాళ్ళలో పట్టే పరికరాన్ని వైసులో బిగించి, చక్రాన్ని దాని మీద అమర్చి, రిమ్మును ఇద్దరం రెండు వైపులా పట్టుకొని తిప్పాము. పరికరాన్ని తిప్పితే చేతికి దొరకని బలం, చక్రాన్ని తిప్పితే దొరుకుతుంది. మూడోసారికి 'టక్' మని శబ్దం వచ్చింది. మావాడు భౌతికశాస్త్రం పుస్తకంలో మీట సూత్రాన్ని ఎన్నిసార్లు చదివాడో గాని, దాన్ని చేతులతో తెలుసుకున్నది ఆనాడే.

కొత్తదానికి మరలో గ్రీజు రాసి బిగించాము. నాలుగు పళ్ళు పెరిగినందున చైనుకు ఒక అంగుళం పొడవు కలిపాము. మోకాలు మరీ ముడుచుకోకుండా సీటును అంగుళం ఎత్తు పెంచాము. బ్రేకు కట్టలు కొత్తవి వేశాము. తడిసిన ఇనుప రిమ్ము మీద రబ్బరు సరిగా పట్టదు కనుక, వాననాడు మాత్రం సైకిలు తీయకూడదన్న షరతుకు ఆయనను ఒప్పించాము. మార్చిన సంగతి మాత్రం చెప్పలేదు.

మరునాడు మందిరం నుండి తిరిగి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, "ఏటిరా, చక్రాలకి గాలెక్కువ కొట్టావేటి? బండి తేలిగ్గా ఎల్తంది" అన్నారు. మావాడు నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తాడు. ఆ తరువాత ఆయన ముక్కాలిపీట వేసుకొని కూర్చొని, వెనుక చక్రం పళ్ళు వేలితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఇరవైరెండు అని తేల్చుకొని తల ఊపారు. ముప్పయ్యెనిమిదేళ్ళు యంత్రాల మధ్య పనిచేసిన మనిషికి వేరే వివరణ అవసరం లేదు.

మన సంస్థ ఉద్యోగుల ఇళ్ళలో ఇటువంటి పాత సైకిళ్ళు ఎన్నో మూలబడి ఉండవచ్చు. వాటిని తూకానికి అమ్మే ముందు, వాటి మీద ఇంకా ఎక్కదలచినవారు ఇంట్లో ఎవరైనా ఉన్నారేమో ఒక్కసారి అడగండి. ఉంటే, ఒక ఆదివారం ఉదయం పానా చేతబట్టి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. అయ్యే ఖర్చు స్వల్పం. భోజనం మాత్రం చల్లారిపోతుంది, అందుకు ఇంట్లో ముందుగానే అనుమతి పొందడం శ్రేయస్కరం.