పరదా వెనుక నుండి విన్న మేళం

మా నివాసం చెంగిచెర్లలో. ఉప్పల్ నుండి వరంగల్లు మార్గాన సాగి, బోడుప్పల్ దాటిన పిమ్మట ఎడమకు మళ్ళితే ఆ ఊరు వస్తుంది. ఒకనాటి పల్లె నేడు నగరంలో కలిసిపోయింది. మాంస పరిశోధనా కేంద్రం, పశువధశాల, బస్సు డిపో బయటివారు చెప్పుకొనే ఆనవాళ్ళు. మా బస్తీవారికి మాత్రం మరొక ఆనవాలు ఉన్నది. అది మా బ్యాండు మేళం.

మేళంలో పదునలుగురు ఉన్నారు. క్లారినెట్లు, ట్రంపెట్లు, యుఫోనియంలు, ఒక సాక్సాఫోను, డ్రమ్ములు, తాళాలు వారి ఆస్తి. ఒకరు ఆటో నడుపుతారు. మరొకరు వెల్డింగు పని చేస్తారు. ఇంకొకరిది కూరగాయల బండి. సాయంకాలమైతే ముస్లింలు, హిందువులు అన్న భేదం లేక అందరూ ఒకే ఎర్రకోటు ధరిస్తారు. వారి మాస్టరు గారికి అరువది ఏండ్లు దాటాయి. ఆయన ట్రంపెట్టు మీరట్ నగరంలోని జలీ కోఠిలో తయారైనది. మన దేశపు పెండ్లి మేళాలలో మ్రోగే ఇత్తడి వాద్యాలకు ఆ పేట పుట్టినిల్లు వంటిది.

డీజేలు వచ్చిన తర్వాత మేళానికి పిలుపులు తగ్గాయి. 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించగా, బ్యాండు మేళాల మాట మరల వినబడసాగింది. ఆ ఉత్సాహంతో మా ప్రాంతపు యువకులు 2025 జనవరి 26న, ఆదివారం నాడు, జెండావందనం ముగిసిన పిదప ఆరుబయట మేళాల పోటీ ఏర్పాటు చేశారు. ఆరు మేళాలు పేరిచ్చాయి. న్యాయనిర్ణేతలు ముగ్గురు. ఒకరు పోలీసు బ్యాండులో పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఒకరు సంగీతోపాధ్యాయులు. మూడవ వారము మేము. సంగీతంలో మా జ్ఞానం స్వల్పమే అయినా, తెలుగు అధ్యాపకులు గనుక సభ నిర్వహించగలరని మమ్ములను పిలిచారు.

అప్పుడు మేము ఒక సలహా ఇచ్చాము. ఇంగ్లండులో మాంచెస్టరు నగరానికి తూర్పున ఉన్న కొండపల్లెలలో ఏటా పెంతెకోస్తు పండుగ తర్వాతి శుక్రవారం నాడు ఇత్తడి వాద్యబృందాల పోటీలు జరుగుతాయి. బృందాలు బస్సులలో ఒక పల్లె నుండి మరొక పల్లెకు పోయి, వీధిలో కవాతు చేసి, ఆరుబయట వాయిస్తాయి. న్యాయనిర్ణేత మూసిన వాహనంలోనో, తెరలు దించిన గదిలోనో కూర్చుండి వింటాడు. వాయించేది పేరుగాంచిన బృందమో, గనికార్మికుల బృందమో, బడిపిల్లల బృందమో ఆయనకు తెలియదు. ఈ సంగతి చెప్పగానే యువకులు సంతోషించి, మా ముగ్గురి చుట్టూ షామియానా పరదా కట్టించారు. మేళాల వరుస చీటీలతో నిర్ణయమైంది.

ఆ పరదా మాకు ఎంతో ఇష్టమైనదని దాచక చెబుతాము. జవాబుపత్రంపై పేరుకు బదులు అంకె ఉండే పద్ధతిని మేము విద్యార్థి దశ నుండి గౌరవిస్తూ వచ్చాము. ఒకసారి ఒక పెద్దమనిషి ఫోనులో మాతో పద్యాలను గురించి చాలాసేపు మాట్లాడి, మా ఉచ్చారణను మెచ్చుకొన్నారు. చివరకు పేరు అడిగారు. చెప్పాము. ఆయన ఒక క్షణం మౌనం వహించి, “అలాగా, మీకు తెలుగు ఎలా వచ్చిందండీ?” అన్నారు. అమ్మ ఒడిలో ఉర్దూను, వీధి అరుగుపై తెలుగును నేర్చినవారికి ఈ ప్రశ్న పరిచితమే. పేరు తెలియక ముందు లభించిన ఆ మెప్పే నిజమైనదని మాకు తోచింది.

పోటీ నాటి ఉదయం చలిగా ఉండెను. వాద్యకారులు శబ్దం రాకుండ గొట్టాలలోకి ఊపిరి ఊదుతూ కనిపించారు. చలిలో ఇత్తడి వాద్యపు శ్రుతి దిగుతుంది. వెచ్చబడినకొద్దీ పైకి పోతుంది. కనుక ముందుగా ఊపిరితో దానిని వేడి చేయవలెను. ఆరుబయట మరొక చిక్కు గలదు. నాదాన్ని తిరిగి పంపే గోడలు లేనందున ఈ చివరివానికి ఆ చివరివాడు సరిగా వినబడడు. అందరినీ ఒక్కటిగా నిలిపేది డ్రమ్మే. మాస్టరు గారు ఇదంతా మాకు వివరించిన తర్వాత మేము పరదా లోపలికి వెళ్ళాము.

మొదటి మూడు మేళాలు ముగిశాయి. చర్లపల్లి వైపు నుండి రైలు కూత వచ్చినా ఎవరూ తాళం తప్పలేదు. నాలుగవ మేళం మోహన రాగంతో ఆరంభించింది. ఐదు స్వరాల ఆ రాగం ట్రంపెట్టు మీద తేటగా, తొట్రుపాటు లేక పలికింది. మూడు మీటలు గల వాద్యంపై గమకం పలికించుట కష్టం. పెదవితోనే దానిని సాధించవలెను. సంగీతోపాధ్యాయులు తల ఊపుతూ విన్నారు. తరువాత ఒక పెండ్లిపాట అందుకొన్నారు. చరణం మధ్యలో ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. సుమారు రెండు నిమిషాలు ఏ వాద్యమూ పలుకలేదు. జనం కూడ నిశ్శబ్దమైనారు. మేళం పాట మరచిపోయిందనీ, వినేవారు సిగ్గుపడుతున్నారనీ మేము తలచాము. పిదప ఆగినచోటి నుండే, అదే శ్రుతిలో, అదే నడకలో పాట సాగింది. అయినను కొనసాగింపు అన్న శీర్షిక క్రింద మేము పదికి రెండు మార్కులే వేశాము. తక్కిన ఇద్దరూ మావలెనే తగ్గించారు.

ఫలితాలు ప్రకటించిన తర్వాత పరదా తొలగించారు. నాలుగవది మా బస్తీ మేళమే. దానికి దక్కినది మూడవ స్థానం. మేము మాస్టరు గారిని సమీపించి, మధ్యలో ఏమైందని అడిగాము. ఆయన మైదానం ప్రక్కనున్న బాటను చూపించారు. ఆ సమయంలో ఒక వైకుంఠ రథం మెల్లగా ఆ దారిన పోయిందట. వెనుక ఇరువది మంది నడిచారట. “సారూ, ముందట నుంచి మయ్యత్ పోతుంటే పెండ్లిపాట ఎట్ల వాయిస్తం?” అన్నారాయన. ఫిర్యాదు చేస్తున్న స్వరం కాదది. మాకింత చిన్న సంగతి తెలియకపోవుట ఆయనకు వింతగా తోచినట్లున్నది.

మైదానంలోని వారందరూ చూచినదానిని మేము ముగ్గురమే చూడలేకపోయాము. మార్కులు సరిచేద్దామని మేము అంటే మాస్టరు గారే వారించారు. పరదా పెట్టుకొన్నాక పరదా మాటే చెల్లాలి, మిగతా మేళాలవాళ్ళు ఏమనుకుంటారని ఆయన వాదం. మేము మైకు పుచ్చుకొని జరిగినది సభకు చెప్పి, పొరపాటు మాదేనని ఒప్పుకొన్నాము. అంతకు మించి చేయగలిగినది లేకపోయింది.

అప్పుడు సైడ్ డ్రమ్ము మెడలో వేసికొన్న ఒక యువకుడు మాకు సలాము చేసి తల దించుకొన్నాడు. అతడు మా రెండవ సంవత్సరపు తరగతి విద్యార్థి. నాచారం నుండి వచ్చి ఈ మధ్యనే మేళంలో చేరాడట. కార్తీక మాసపు ముహూర్తాల రోజులలో అతడు తరగతికి రాలేదు. హాజరు పట్టీలో అతని అంకెకు ఎదురుగా మేము వరుసగా గైర్హాజరు గుర్తు వేస్తూ పోయాము. నూటికి 75 రోజులు నిండకుంటే పరీక్షకు కూర్చోనివ్వరని రెండుసార్లు హెచ్చరించాము. ఎందుకు రావడం లేదని మాత్రం ఒక్కసారైనా అడుగలేదు. అతడు ఆగిన చోటనల్లా మేము మార్కు తగ్గించాము.

“ఫీజు కోసం సార్,” అన్నాడు. ఆ ఒక్క మాటే.

మూల్యాంకనంలో పేరు కనిపించరాదన్న మా అభిప్రాయం నేటికీ మారలేదు. అది ఉండితీరవలసిన రక్షణ. కాని ఏడాది పొడుగునా ఎదుట కూర్చుండే పిల్లలకును మాకును నడుమ ఆ పరదాయే వ్రేలాడితే అది న్యాయమనిపించుకోదు. కమిటీవారికి మా విన్నపం ఒక్కటే. పనిచేసి చదువుకొనే విద్యార్థులకు ముహూర్తాల నెలలలో సాయంకాలపు పాఠాలు ఏర్పాటు చేయవలెను. బోధించుటకు మేము సిద్ధముగా ఉన్నాము.

ఆ మరునాడు ఆ విద్యార్థి మాఘమాసంలో తాను వాయించవలసిన పెండ్లిళ్ళ తారీఖులు ఒక కాగితంపై వ్రాసి తెచ్చి ఇచ్చాడు. మేము వాటిని మా డైరీలో ఎక్కించుకొని, ఒక్కొక్క తారీఖుకు ఎదురుగా, ఆనాడు అతడు కోల్పోయే పాఠం పేరు వ్రాసికొన్నాము.