గంపకెంత, లారీకెంత

గేముల దుకాణాల గురించి నేను రాయడమేంటని కొందరు మిత్రులకు అనిపించొచ్చు. ఆశీలు కట్టినోళ్లకి అనిపించదు.

మాది కొత్తవలస, రెల్లి కుటుంబం. కిరండూల్ ప్యాసింజర్లో అరకు వైపు నుంచి దిగే సీతాఫలాలు గంపకెత్తుకుని అమ్మ సంతలు తిరిగేది. గంప దించగానే పాటదారు మనిషి చీటీ పట్టుకుని వచ్చేవాడు. అమ్ముడైందా లేదా అని అడగడు. వేలంలో ఆ పాట పాడాలంటే ధరావతు కట్టాలి, వెనకాల మనుషులుండాలి. మా పేట నుంచి ఎవరూ పాడింది లేదు. లారీతో సరుకు దించే షావుకారుకైతే మాట్లాడుకుని రేటు తగ్గించేవాడు. గంపకి తగ్గింపు లేదు.

ఇప్పుడు మా మేనల్లుడు సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ మీద ఒక గేమ్ తయారు చేస్తున్నాడు. రైలు కదిలేలోపు పళ్లు అమ్మే ఆట. నవ్వకండి, బాగుంది. "మావయ్యా, 200 పెడితే నాకెంత మిగులుతాది?" అన్నాడు. కూర్చుని లెక్క చూశాం.

కంప్యూటర్ గేములకు పెద్ద సంత స్టీమ్. అమెరికాలోని వాల్వ్ కంపెనీది. గేమ్ పెట్టాలంటే ముందు 100 డాలర్లు కట్టాలి, 1,000 డాలర్ల అమ్మకం అయితేనే అది తిరిగొస్తుంది. తర్వాత ప్రతి వందలో 30 వాళ్లది. అంటే 200లో 60, పన్నులు కాక. అదే ఒక గేమ్ అమ్మకం కోటి డాలర్లు దాటితే ఆ పైదాని మీద 25, 5 కోట్లు దాటితే 20. ఈ మెట్లు 2018లో కట్టారు. ఇక్కడా లారీకి తక్కువ, గంపకి ఎక్కువ.

వేరేచోట అమ్ముకోమంటారు. ఎపిక్ స్టోర్ వందకి 12కి మించి తీసుకోదు. మరి అక్కడ ధర తగ్గించి అమ్మొచ్చుగా? వుల్ఫైర్ గేమ్స్ అనే చిన్న కంపెనీ 2021లో కోర్టుకెక్కింది దీని మీదే. బయట తక్కువకి అమ్మితే స్టీమ్ నుంచి గేమ్ తీసేస్తామని వాల్వ్ బెదిరించిందని దాని ఆరోపణ. వాల్వ్ ఒప్పుకోవడం లేదు. 2024 నవంబరులో సియాటిల్ జడ్జి ఆ కేసు తయారీదారులందరి తరఫున సామూహిక దావాగా నడవడానికి అనుమతిచ్చాడు. ఈ సంగతి చెప్తే అమ్మ ఒకటే అడిగింది: "సంత బయట సెట్టు కింద అమ్మినా ఆడి రేటేనేటి?"

ఫోన్ గేములది ఇంకో కథ. తన బిల్లింగ్ ద్వారానే డబ్బు కట్టించాలని యాప్‌లవాళ్లను ఒత్తిడి చేసినందుకు 2022 అక్టోబరు 25న మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. మధ్యలో, 2024 మార్చి 1న, ఫీజు తగాదాలో భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ లాంటి యాప్‌లనే ప్లే స్టోర్ నుంచి తీసేశారు. కేంద్రమంత్రి కలగజేసుకున్నాక తిరిగి పెట్టారు. రెల్లి పేట కుర్రాడి గేమ్ తీసేస్తే ఏ మంత్రి కలగజేసుకుంటాడు?

ఆశీలే వద్దని నేననను. సంతకి నీళ్లు, నీడ, జనం కావాలి. కులం అడగకుండా గేమ్ కొనే జనాన్ని స్టీమ్ తెస్తుంది, మా వాడికి అది చిన్న సంగతి కాదు. కానీ చిన్నవాడికి రేటు తగ్గాలి, బయట అమ్మే ధర జోలికి రాకూడదు, సరుకు తీసేస్తే కారణం రాసివ్వాలి. ఊరి సంతలో రేట్ల బోర్డు పెట్టమని మేం అర్జీ ఇచ్చి చాలా కాలమైంది. బోర్డు ఇంకా రాలేదు. ఆ అర్జీ కథ వచ్చేవారం.

జై భీమ్.