తారు రోడ్డు దిగాక

పుస్తకాల గురించి అప్పుడప్పుడూ రాస్తుంటాను కాబట్టి ఏది చదివినా పెన్సిల్ పట్టుకుని చదవడం అలవాటైపోయింది. అలాంటి నేను ఈ పదకొండేళ్లలో కనీసం నలభైసార్లు కారు అద్దెకి తీసుకుని ఉంటాను, ఒక్కసారి కూడా ఆ ఒప్పందం చదివిన పాపాన పోలేదు. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టడం, తాళాలు తీసుకోవడం. 'ఐ అగ్రీ' బటన్లు తయారుచేసే వాళ్లమే మనం. మనం చదువుతామా?

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం లాస్ వేగస్ ఎయిర్‌పోర్టులో మావాడు చదివాడు. వెనక క్యూలో వాళ్లు నిట్టూరుస్తున్నా పట్టించుకోకుండా, చీమతలకాయంత అక్షరాల మీద వేలు పెట్టి మరీ చదివాడు. ఒకచోట వేలు ఆగింది. "ఒరే, ఇది చూడు."

మేం బుక్ చేసింది ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ. వెబ్‌సైట్ బొమ్మలో అది ఎర్రకొండల మధ్య దుమ్ము రేపుకుంటూ పోతోంది. కాగితంలో ఉన్న మాట వేరు: ఈ బండిని తారు వేయని రోడ్డు మీద నడపకూడదు. నడిపితే ఇన్సూరెన్సుతో సహా అన్నీ రద్దు. ఏం జరిగినా ఖర్చు మీదే.

అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండిని, ఆ బలంతో పని లేని చోట మాత్రమే తిప్పుతామని మాటిచ్చి తీసుకోవాలి. ఈ మధ్య చదివిన కథల్లో ఇంత వ్యంగ్యం నాకు దొరకలేదు.

"ఎవడికి తెలుస్తుందిరా? కడిగించి ఇచ్చేద్దాం" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. అన్నది నేనే కాబట్టి.

*

మావాడూ నేనూ ఇంజనీరింగ్ ఒకే కాలేజీ. ఇక్కడ ఎమ్మెస్ చేసినప్పుడు ఒకే అపార్ట్‌మెంట్, ఒకే రైస్ కుక్కర్. చేతిలో డబ్బుల్లేని రోజుల్లో మాకు దొరికిన పైసా ఖర్చు లేని వినోదం జియోకాషింగ్. ఎవరో ఎక్కడో ఒక డబ్బా దాచి దాని అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాలి. దొరికితే లోపలున్న పుస్తకంలో పేరూ తేదీ రాయాలి. అందులోంచి ఏదైనా తీసుకుంటే అంతకి తగ్గ వస్తువు ఇంకోటి పెట్టాలి. అంతే ఆట.

దీని పుట్టుక కూడా సరదాగానే ఉంటుంది. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనానికి అందే సంకేతంలో కావాలనే తప్పు కలిపేవారు. దాంతో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో ఆ కల్తీ ఆపేశారు. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ అడవిలో ఒక బకెట్ పాతిపెట్టి, అది ఉన్న చోటు అంకెలు నెట్‌లో పెట్టాడు. దేశ రక్షణ కోసం కట్టిన వ్యవస్థకి జనం ఒక్క రోజులో కనిపెట్టిన ఉపయోగం, దాగుడుమూతలు.

మాకు దొరికిన మొదటి డబ్బా సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో, దీపస్తంభం అడుగున ఉన్న రేకు తొడుగు కింద. బొటనవేలంత ఉంటుంది. గంటన్నర వెతికాం. సెక్యూరిటీ వాడు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. ఆ రోజు నించీ మాకో జాబితా ఉండేది, ఎప్పటికైనా వెళ్లాల్సిన చోట్లది. అందులో మొదటిది డెత్ వ్యాలీలోని రేస్‌ట్రాక్. ఎండిపోయిన చెరువు నేల మీద రాళ్లు వాటంతటవే కదిలి, వెనక గీతలు మిగిల్చే చోటు.

ఉద్యోగాలొచ్చాయి, పెళ్లిళ్లయ్యాయి. 'ఈ ఏడు కుదర్లేదురా' అని ప్రతి ఏడూ అనుకున్నాం.

ఇంతలో వాడికి లేఆఫ్ మెయిల్ వచ్చింది. హెచ్-వన్-బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికో మూటాముల్లే సర్దుకోవడానికో ఉన్న గడువు మహా అయితే 60 రోజులు. భార్యనీ కూతుర్నీ ముందే విజయవాడ పంపేశాడు, స్కూలు అడ్మిషన్ల కోసం. తన టికెట్ 58వ రోజుకి. మేం వేగస్‌లో దిగింది 52వ రోజున.

నాకు గ్రీన్ కార్డు వచ్చి అప్పటికి ఆర్నెల్లు. నేను వాడికన్నా బాగా కోడ్ రాస్తానని కాదు, నిజానికి వాడే బాగా రాస్తాడు. నా భార్య మస్కట్‌లో పుట్టింది. భార్య పుట్టిన దేశం లెక్కలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలా నేను ఇండియా క్యూలోంచి పక్కకి తప్పుకున్నాను. వాడి భార్య పుట్టింది గుడివాడలో.

అందుకే కౌంటర్ దగ్గర వాడు నెమ్మదిగా అన్న మాట నాకు గుచ్చుకుంది. "పదకొండేళ్లుగా ఒక్క కాగితం మీద కూడా నా పేరు పక్కన తప్పు పడలేదురా. ఇంకో ఎనిమిది రోజులు. ఈ ఎనిమిది రోజులకీ పడొద్దు."

ఏం మాట్లాడను? ఎస్‌యూవీ రద్దు చేసి చిన్న సెడాన్ తీసుకున్నాం. దాంతో తారు రోడ్డు మీదే డెత్ వ్యాలీ దాకా వెళ్లి, అక్కడ ఆ మట్టిరోడ్ల కోసమే జీపులు అద్దెకిచ్చే వాళ్ల దగ్గర ఒకరోజుకి జీపు తీసుకోవాలి. ఫోన్ చేస్తే మర్నాటికి ఒకటి ఉందన్నారు. రోజుకి మూడు వందల డాలర్ల పైచిలుకు. మొత్తం నేనిస్తానన్నాను. "సగం" అన్నాడు. ఉద్యోగం లేనివాడితో సగం ఇప్పించుకోవడం ఇబ్బందే. కానీ వద్దని ఉంటే అంతకన్నా పెద్ద తప్పు చేసినవాణ్నయ్యేవాణ్ని.

*

హైవే 95 మీద పోతూ, పార్కు సరిహద్దుకి బయట ఒకచోట ఆగాం. అక్కడ అసలైన డబ్బా ఒకటుందని ఫోన్ చెప్పింది. సైన్యం తూటాలు దాచుకునే ఆకుపచ్చ రేకు డబ్బా, రాళ్లగుట్ట సందులో. లోపల పిల్లల బొమ్మకార్లు, నాణేలు, తడి తగలకుండా కవర్లో పెట్టిన నోటు పుస్తకం. మావాడు జేబులోంచి ఏటికొప్పాక బొంగరం ఒకటి తీసి అందులో పెట్టాడు. లక్క రంగు పసుపూ ఎరుపూ. కూతురిది, ఇప్పుడు ఆడటం లేదట.

"నువ్వేమన్నా తీసుకో మరి" అన్నాను.

"రెండు పెట్టెలూ ఇప్పటికే ఇరవైమూడు కిలోలు దాటాయి" అన్నాడు.

ఆ రాత్రి పడుకున్న ఊరి పేరు బేటీ. స్పెల్లింగ్ వేరేగా ఉంటుంది గానీ పలకడం అలాగే. ఊరి పేరు చూపించడానికని కూతురికి వీడియో కాల్ చేశాడు. అక్కడ పొద్దున్న. స్కూలుకి టైమైపోతోందని ఆ పిల్ల రెండు నిమిషాల్లో పెట్టేసింది.

*

మర్నాడు జీపు ఇచ్చినావిడ మాతో అరగంట మాట్లాడింది. మ్యాప్ మీద పెన్నుతో గీసి, ఈ రోడ్లు సరే, ఈ రోడ్లు వద్దు అని చెప్పింది. ఫోర్ వీల్ లివర్ ఎలా వేయాలో, మామూలుకి ఏది, బురదకీ నిటారు ఎక్కుడుకీ ఏది అని చూపించింది. శాటిలైట్‌తో పనిచేసే చిన్న పరికరం ఇచ్చి, ప్రాణాల మీదకి వస్తేనే ఈ బటన్ నొక్కండి అంది. చివరికి అడిగింది, మీలో ఎవరైనా చక్రం మార్చారా ఎప్పుడైనా? నేను నేలచూపులు చూశాను. "మా నాన్న ట్రాక్టర్‌కి" అన్నాడు మావాడు. ఆవిడ తాళాలు వాడికే ఇచ్చింది.

యుబిహీబి బిలం దగ్గర తారు అయిపోతుంది. అక్కణ్నించి రేస్‌ట్రాక్‌కి 27 మైళ్లు. ఆ మట్టిరోడ్డు మీద అడ్డంగా, అంగుళం సందు లేకుండా గట్లు. రేకుల షెడ్డు కప్పు మీద బండి తోలుతున్నట్టుంటుంది. ఆ గట్ల మధ్యలో కత్తుల్లాంటి రాళ్లు. ఫోన్ సిగ్నల్ ఉండదు. టోయింగ్ బండి రావాలంటే వెయ్యి డాలర్లు ఎప్పుడో దాటుతుంది.

నేను అనుకున్నదానికీ అక్కడ చూసిందానికీ ఒక తేడా చెప్పాలి. నేల పొడిగా ఉంది కాబట్టి మాకు ఫోర్ వీల్ లివర్‌తో పనే పడలేదు. కావాల్సింది బండి అడుగుకీ నేలకీ మధ్య జాగా, పక్కగోడలు మందంగా ఉన్న టైర్లు, సరైన సైజు స్టెప్నీ. ఎయిర్‌పోర్టు ఎస్‌యూవీలకి వేసేది ఊళ్లో తిరిగే టైర్లు. వాటి పక్కగోడలు ఈ రాళ్లకి ఆగవు. ఒకటి పోతే స్టెప్నీ, రెండోది పోతే దేవుడే దిక్కు. దారిలో అలాగే ఆగిపోయిన బండి ఒకటి కనిపించింది. ఇద్దరు కుర్రాళ్లు, చక్రం మార్చేశారు. వెనక్కి పోతున్నామన్నారు, ఇంకో స్టెప్నీ లేదు కదా మరి. నిన్న నా మాట నెగ్గుంటే అక్కడ నిలబడేది మేమే. మావాడు ఏమీ అనలేదు. నీళ్ల సీసా రెండు వాళ్లకిచ్చి బండెక్కాడు.

గంటకి పదిహేను మైళ్ల వేగంతో పోతుంటే నాకు ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చాడు. 1830లో మద్రాసు నించి కాశీకి బయల్దేరినాయన. కాశీయాత్ర చరిత్ర మొదటిసారి చదివినప్పుడు విసుగొచ్చింది నాకు. ఏ మజిలీలో సామాను దొరుకుతుంది, ఏ నేల ఇసక, ఏది రేగడ, బోయీలకి ఎక్కడ కష్టం, ఇవే పేజీలకి పేజీలు. గమ్యం గురించి చెప్పడేం అనుకున్నాను. చేతిలో గమ్యం అంకెలు ఆరు దశాంశాల దాకా ఉన్న నాకు ఆ రోడ్డు మీద అర్థమైంది, ఆయన రాసిందే అసలు సమాచారం అని. చోటెక్కడుందో ఉపగ్రహం చెప్తుంది. నేల ఎలాంటిదో, ఎవరి దగ్గర బండి తీసుకోవాలో, ఎవరి మాట వినాలో ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పాల్సిందే.

దారిలో టీకెటిల్ జంక్షన్ అనే కూడలి ఉంది. బోర్డు నిండా టీ కెటిళ్లు వేలాడుతుంటాయి, వచ్చినవాళ్లు పేర్లు రాసి కట్టినవి. "మనమూ తెచ్చుంటే బావుండేది" అన్నాను. "మన రైస్ కుక్కర్ ఉందిగా, దాన్ని కట్టాల్సింది" అన్నాడు. ఆ ప్రయాణంలో వాడు గట్టిగా నవ్వింది అప్పుడే.

*

రేస్‌ట్రాక్‌లో డబ్బా ఉండదు. నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా ఏదీ దాచిపెట్టకూడదు. అక్కడుండేది ఎర్త్‌కాష్. వెళ్లి చూసి, ఆ నేల గురించి అడిగిన ప్రశ్నలకి జవాబులు పంపాలి. అదే దొరికినట్టు లెక్క.

దక్షిణపు చివర బండి ఆపి నడిచాం. నేల పగిలి, పలకలు పలకలుగా, అంతా ఒకటే మట్టం. దాని మీద రాళ్లు. ఒక్కోదాని వెనక నున్నటి కాలవలా గీత. కొన్ని గీతలు తిన్నగా, కొన్ని మధ్యలో మలుపు తిరిగి. కొన్ని గీతల చివర రాయి లేదు. ఎవరో ఎత్తుకుపోయారు. ఒకచోట టైరు గుర్తులు కూడా ఉన్నాయి. తడి నేల మీద ఎవరో తోలినవి, ఏళ్లతరబడి పోవు.

రాళ్లెలా కదులుతాయో దశాబ్దాలపాటు ఎవరికీ తేలలేదు. రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అనే అన్నదమ్ముల పిల్లలు కొందరితో కలిసి, 2011లో జీపీఎస్ బిగించిన రాళ్లు పదిహేను తెచ్చి అక్కడ పెట్టారు. అక్కడి రాళ్లకి తూట్లు పొడవటానికి పార్కు వాళ్లు ఒప్పుకోలేదు, అందుకని బయటి రాళ్లు. 2013 డిసెంబరులో వాళ్ల కళ్లెదుటే కదిలాయి. వానకి నేల మీద పల్చగా నీళ్లు నిలవాలి. రాత్రి అది కిటికీ అద్దమంత మంచుపొరగా గడ్డకట్టాలి, మూణ్నించి ఆరు మిల్లీమీటర్లు. పొద్దెక్కాక ఆ పొర పెద్ద పెద్ద పలకలుగా విరగాలి. అప్పుడు చిన్న గాలి వీస్తే చాలు, పలకలు రాళ్లని తోసుకుంటూ పోతాయి. నిమిషానికి కొన్ని మీటర్లు. దూరం నించి చూస్తే కదులుతున్నట్టు కూడా తెలియదు.

ఇదంతా నేను మావాడికి చెప్పాను. వాడు ఒక రాయి పక్కన గొంతుక్కూచుని గీత వెడల్పు టేపుతో కొలుస్తున్నాడు, జవాబు పంపాలి కదా. కొలిచి, ఫోన్‌లో రాసుకుని, అప్పుడన్నాడు: "అయితే రాయి గొప్పేం లేదన్నమాట. తప్పూ లేదు."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. అక్కడ ఈగ కూడా ఉండదు. చెవిలో మన రక్తం చప్పుడు మనకే వినిపిస్తుంది.

*

చీకటి పడేలోపు జీపు అప్పజెప్పాం. ఆవిడ టార్చి వేసుకుని నాలుగు టైర్లూ, బండి అడుగూ చూసింది. పేరుపేరునా గీతలు వెతికింది. కాగితం మీద టిక్కులు పెట్టి, కింద 'నష్టమేమీ లేదు' అని రాసి సంతకం పెట్టింది.

"నాకో కాపీ ఇస్తారా?" అడిగాడు మావాడు.

ఎవరూ అడగరనుకుంటా, ఆవిడ నవ్వి లోపలికెళ్లి జిరాక్స్ తీసుకొచ్చింది. వాడు దాన్ని మూడు మడతలు పెట్టి, బ్యాగులోంచి నీలం రంగు ఫైలు తీశాడు. ఐ-20, ఐ-797, ఐ-94, పదకొండేళ్లవీ అందులోనే ఉంటాయి. అన్నిటికన్నా వెనక కవర్లో ఈ కాగితం పెట్టి, జిప్పు లాగాడు.

"పద, ఆకలేస్తోంది" అన్నాడు.