మడ చెట్టుకు కాపలా ఎవరు?

మాది పటమట. సముద్రానికీ మాకూ ఉన్న చుట్టరికం ఆదివారం చేపల పులుసు దాకానే. అందుకే, పగడపు దిబ్బల్ని యాత్రికులకు చూపించి, ఆ డబ్బుతోనే వాటిని కాపాడుకునే వాళ్ళున్నారని నేనంటే హాస్టలు మిత్రులు నవ్వారు. "మన కృష్ణలో పగడాలెక్కడివిరా?" అన్నారు.

వాళ్ళన్నది నిజమే. పగడం బతకాలంటే నీరు తేటగా ఉండాలి, ఎండ అడుగు దాకా దిగాలి. మన కృష్ణా గోదావరులేమో ఒండ్రు మోసుకొచ్చి కడలిలో పోస్తాయి. అందుకే పగడపు దిబ్బలు మన్నారు సింధుశాఖలోనూ, అండమాన్, లక్షద్వీపాల్లోనూ ఉన్నాయి గాని, మన తీరాన లేవు. మనకున్నది మడ అడవి.

ఫిలిప్పీన్స్‌లో అపో అనే చిన్న దీవి ఉంది. ఒకప్పుడు అక్కడి జలాల్లో చేపల కోసం మందుపాతరలు పేల్చేవారు, విషం కలిపేవారు. సిల్లిమన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు ఏంజెల్ అల్కాలా బృందం నచ్చజెప్పగా, 1982లో ఊరివాళ్ళే కొంత మేర వేట మానేసి, తామే కాపలా కాశారు. చేపలు పెరిగాయి. వాటిని చూడ్డానికి నీట మునిగే యాత్రికులు వచ్చారు, డబ్బూ వచ్చింది. అయితే 1994లో అది జాతీయ రక్షిత ప్రాంతమయ్యాక, వసూలైన రుసుము తమ చేతికి ఆలస్యంగా వస్తోందని దీవివాళ్ళు గోల పెట్టారు. అసలు కిటుకు అక్కడే ఉందనిపించింది నాకు.

మొన్న సెలవుల్లో కాకినాడ దగ్గర కోరింగ వెళ్ళాను. 1978లో అభయారణ్యమైన మడ అడవి అది. చెక్కల వంతెన మీద నడిచి, పడవెక్కాం. పడవ నడిపే పెద్దాయన్ని కదిలిస్తే, "ఇదివరకు వంటచెరకుకి మేవే నరికేవోళ్ళం బాబూ. ఇప్పుడు నరికితే మీరు రారు, మీరు రాపోతే నాకు కూలి లేదు" అన్నాడు.

"మరి బాగుందిగా బాబాయ్?" అన్నాను.

"బాగానే ఉందండి. పడవ కూడా నాదే అయితే ఇంకా బాగుండును" అని నవ్వాడు.

మా అమ్మమ్మ వాళ్ళది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే 10,000 మందికి పైగా పోయారు. "మడ దట్టంగా ఉన్న చోట నీళ్ళ ఊపు తగ్గిందిరా" అంటుంది అమ్మమ్మ. రొయ్య పిల్లా, పీత పిల్లా పెరిగేది కూడా ఆ వేళ్ళ మధ్యనే. అంటే ఆ అడవి మత్స్యకారుడి పొలం, మనందరి గోడ.

నాగాయలంక, హంసలదీవి వైపు రేపు యాత్రికులు ఇంకా పెరగవచ్చు. అప్పుడు పడవలూ, బసలూ, టిక్కెట్టు పుస్తకమూ ఎవరి చేతిలో ఉంటాయి? పట్నం ఆసామి చేతిలో ఉంటే లాభం తగ్గిన రోజున ఆయన మరో వ్యాపారం చూసుకుంటాడు. ఊరివాడు ఎక్కడికి పోతాడు? పోలేడు కనుకనే వాడికంటే నమ్మకమైన కాపలాదారు లేడు. కూలి ఇచ్చి ఊరుకుంటే చాలదు, వాటా ఇవ్వాలి.

సోదర విద్యార్థులారా, ఈసారి విహారయాత్రకు వెళ్ళినప్పుడు, మనం కట్టిన రూపాయి ఏ ఇంటికి చేరుతుందో ఒక్కమాట అడగండి.