గజ్జెల మోత

మా అమ్మకి సినిమా హీరోల పిచ్చి లేదు గానీ వంగపండు ప్రసాదరావు గారి పాటంటే ప్రాణం. ఆయన మా విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన మనిషి, జననాట్యమండలి పాటగాడు. సభ ఉందంటే చాలు, నాన్న డ్యూటీ దిగి రాగానే నన్ను చంకనేసుకుని ఇద్దరూ బయల్దేరేవారట. ఆ రాత్రికి పొద్దుటి అన్నమే! "స్టేజీ దగ్గర కూర్చుంటే ఆ గజ్జెల అదురు నేలలోంచి కాళ్లలోకి వచ్చేసేది. నువ్వు ఏడుపు మానేసి చూసేదానివి" అంటుంది.

2020 ఆగస్టు 4న ఆయన పోయారు. కరోనా రోజులు, పార్వతీపురం వెళ్లే దారి లేదు. మా అబ్బాయి ఫోన్లో 'ఏం పిల్లడో ఎల్దామొస్తవా' పెట్టాడు. అమ్మ సగం విని, "అలాక్కాదురా" అంటూ కొంగు బిగించి రెండడుగులు వేసి చూపించింది. నాన్న పోయాక ఆవిడ పాటకి కదలడం అదే మొదటిసారి.